ఒంటిచేతి తూకం

శ్రీలేఖను మేడ మీది కంప్యూటర్ల దుకాణంలో దింపి, కారును ఎక్కడో ఒకచోట ఇరికించి వస్తానని దయాకర్ కిందికి వెళ్ళాడు. శనివారం మధ్యాహ్నం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కారుకు చోటు దొరకడమంటే మాటలు కాదు, ఇప్పట్లో రాడని శ్రీలేఖకు తెలుసు. వెళ్ళేముందు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళ సీసా మూత తిప్పి బల్ల మీద పెట్టాడు, భుజం మీంచి జారిన చున్నీ సర్దాడు, నేనొచ్చినంక సూద్దాం, అప్పటిదాక ఏదీ ముట్టకు అని చెప్పి మరీ వెళ్ళాడు. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఇంతలా చూసుకుని ఉంటే తణుకులో ఉన్న అక్కకు ఫోన్ చేసి గంటసేపు మురిసిపోయేది. ఇప్పుడేమో ఆ మూత తీసిన సీసాను చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. ఎదురుగా గాజు బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు మూతలు వేసి ఉన్నాయి, ఒకటి పల్చటిది, ఒకటి మందంది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక, ఇన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాక, సోమవారం ఆమె మళ్ళీ ఉద్యోగానికి వెళ్తోంది. ఈ రెంటిలో ఏది ఇంటికొస్తే దాన్నిబట్టి రోజుకు ఎన్నిసార్లు ఎవర్ని బతిమాలుకోవాలో తేలిపోతుంది. దయాకర్‌కు ఇది సామాను కొనడం. ఆమెకు మాత్రం బెంగగా ఉంది.

పల్చటిది ఆమె మోయగలదు. దుకాణం యజమాని హరికిషన్ మొదట దాన్నే చేతికిచ్చాడు, ఏకదం హల్కా మేడం, కాగితాల ఫైలు లెక్క, అన్నాడు. నిజంగానే అలాగే ఉంది, కుడిచేత్తో లేపితే చంకలో పెట్టుకుని ఆఫీసున్న బేగంపేట దాకా నడిచిపోవచ్చనిపించింది. చిక్కంతా మూత దగ్గర. మూత బిగువు, ఒళ్ళు తేలిక, అంచు పట్టుకుని పైకి లాగితే మూతతోపాటు మొత్తం లేచి వచ్చేస్తుంది, అమ్మ చెయ్యి వదలని పసిపిల్లలా. హరికిషన్ తెరిచినప్పుడు ఆమె కళ్ళప్పగించి చూసింది, కుడిచేత్తో మూత ఎత్తుతూ ఎడమ బొటనవేలితో కింది పలకను నొక్కి పట్టాడు, నొక్కి పట్టిన సంగతి అతనికే తెలియదు, రెండు చేతులూ పనిచేసేవాళ్ళెవరికీ తెలియదు. ఆమెకూ తెలిసేది కాదు. టూత్‌పేస్టు మూతకు రెండు చేతులు కావాలని, అరటిపండుకు కావాలని, చీర కుచ్చిళ్ళకు సరేసరి, తాళం తీస్తూ తలుపును తనవైపు లాక్కోవడానికి కూడా కావాలని ఎవరు మాత్రం ఎందుకు ఆలోచిస్తారు. ఇక మందంది ఉంది, దాని మూత ఒక్క వేలితో లేస్తుంది, ఒళ్ళు ఇసుమంతైనా కదలదు. కాని దాన్నీ, ఇటుకరాయంత దాని చార్జరునూ భుజానికి తగిలించుకుని, ఎడమవైపుకు ఒరిగిపోకుండా మెట్రో మెట్లెక్కడం ఆమె వల్ల అయ్యేపని కాదు. మోయగలిగింది తెరుచుకోదు, తెరుచుకునేది మోయలేదు. ఇంతకంటే ముచ్చటైన బేరం ఇంకేముంటుంది.

దయాకర్ ఎప్పుడో తేల్చేశాడు. కుక్కరు కొనాలన్నా పదిమంది అభిప్రాయాలు చదివితేగాని కొనని మనిషి, ల్యాప్‌టాప్ అనేసరికి రాత్రిళ్ళు పడుకోకుండా వీడియోలు చూశాడు. పల్చటిదాంట్లో జ్ఞాపకశక్తిని, అదే మెమరీని, అతికించేస్తారట, తర్వాత పెంచుకుందామంటే కుదరదు. వైర్లు గుచ్చే చోట్లు రెండే ఉంటాయి, మిగతావాటికి ఒక తోక కొని తగిలించుకోవాలి, ఆ తోకను తగిలించడానికి మళ్ళీ రెండు చేతులు. ఫ్యాను లేదు కాబట్టి చప్పుడుండదు, చప్పుడు లేదు కాబట్టి వేడెక్కుతుంది. మీటలు లోతు లేక, కొట్టినట్టే ఉండదు. మందంది అలా కాదు, పెద్ద బ్యాటరీ, గట్టి మీటలు, ఏం తగిలించాలన్నా చోటుంది, ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదు. అన్నీ నిజాలే, ఒక్కటీ కాదనడానికి లేదు. మరి బరువో అంటే దానికీ జవాబుంది, నేనున్న గద. పొద్దున కాప్రా నుంచి కార్లో దింపుతాడు, బ్యాగు పైకి మోసి బల్ల మీద పెడతాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. తన ఆఫీసులో బతిమాలి పనివేళలు మార్పించుకున్నాడు కూడా. నేనున్న గద. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పుడు ఆ మాట విని ఏడ్చింది, అంత ధైర్యంగా ఉంది ఆ మాట అప్పుడు. అన్నం కలిపి పెట్టినప్పుడూ అదే మాట, జడ వేసినప్పుడూ అదే మాట, పదే పదే వినగా వినగా ఆ మాట గదిలో ఆమెకు చోటు లేకుండా చేసింది. పాపం ఆయన తప్పేముంది. తప్పు లేకపోవడమే ఊపిరాడనివ్వడం లేదు.

పక్షవాతం వచ్చిన ఆ రోజు కూడా బరువు మీదే కోపం తెచ్చుకుంది. పాత ల్యాప్‌టాప్ ఉన్న సంచి ఎడమ భుజానికే వేలాడేది, ఎండలో ఈసీఐఎల్ బస్సు దిగి సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌కు నడిచి, తనిఖీ యంత్రంలో సంచి పెట్టింది. అవతల వైపు సంచి బయటికొచ్చింది, ఎడమ చెయ్యి చాచింది, చాచాననుకుంది, సంచి నేల మీద పడింది. వెనక ఎవరో జల్దీ జల్దీ అంటున్నారు. మొయ్యలేక మొయ్యలేక చెయ్యి తిమ్మిరెక్కిందనుకుంది, పాడు బరువు, దీన్ని ఎప్పుడో మార్చాల్సింది అని తిట్టుకుంటూ బెంచీ మీద కూర్చుని చెయ్యి విదిలిస్తూ, నలుపుకుంటూ ఉండిపోయింది. రైలు ఒకటి వెళ్ళింది, ఇంకొకటి వెళ్ళింది. ఎడమ చెంప మీద ఏదో సాలెగూడు తగులుకున్నట్టుంటే తుడుచుకుంది, పోలేదు. అంత చదువుకుని తిమ్మిరికీ దీనికీ తేడా తెలియలేదా అని తర్వాత అందరూ అన్నారు. ఏం చెప్తుంది, తిమ్మిరికి మందు ఓపికే కదా, ఓపిక పట్టింది. డాక్టరు మాత్రం సంచికీ దీనికీ ఏ సంబంధం లేదన్నాడు, రక్తపోటు అన్నాడు. అత్తగారు లచ్చమ్మ ఒప్పుకోలేదు. గా పెట్టె మోసి మోసే నా కోడలి చెయ్యి పోయిందని ఇప్పటికీ వచ్చిపోయేవాళ్ళకు చెప్తుంది, పగిలిపోయిన ఆ పాతదాన్ని ఇంట్లో ఉంచనివ్వలేదు. ఆమె ఓటు పల్చటిదానికే. పొద్దున బయల్దేరుతుంటే కూడా గుమ్మం దాకా వచ్చి, ఏందన్న గానీ అల్కగున్నది తీస్కో బిడ్డా అంది.

అల్కగ. ఆ మాటకు ఇప్పటికీ నవ్వొస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికొచ్చిన చుట్టాలందరితో అత్తగారు, పిల్ల అల్కగున్నది, అల్కగున్నది అంటుంటే శ్రీలేఖ బెంబేలెత్తిపోయింది. గోదావరి పక్క అలక అంటే మూతి ముడుచుకోవడం. వచ్చి వారం కాలేదు, నేనెప్పుడు అలిగాను, నా మొహమే అలా ఉందా అనుకుని, ఆ రోజు నుంచి లేచింది మొదలు పళ్ళు ఇకిలిస్తూ తిరిగింది. అన్నం వడ్డిస్తూ నవ్వు, గిన్నెలు తోముతూ నవ్వు. చివరికి అత్తగారే భయపడి కొడుకును పిలిచి, పిల్లకు ఏమన్న తక్లీఫ్ ఉన్నదేమో అడుగురా అంది. అప్పుడు తెలిసింది, అల్కగ అంటే తేలిగ్గా అని, సన్నగా ఉన్నావని ముచ్చటపడుతోందని. దయాకర్ మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. ఎంత బాగా నవ్వేవాడో. ఈమధ్య ఆ మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆమె పిల్లల పుస్తకాలు వేసే సంస్థలో ఎడిటరు, మాటలు పట్టుకుని పీకడం జీతానికి చేసే పని, అలవాటు పడిన బుర్ర ఊరుకోదు. తేలిక మంచిదే, కాని మనిషిని తేలిగ్గా చూస్తే మంచిది కాదు. పల్చన కూడా అంతే, మనిషి పల్చనైతే పరువు పోయినట్టు. చులకన అన్నా బరువు లేకపోవడమే. వస్తువుకు పొగడ్త అయిన ప్రతి మాటా మనిషి దగ్గరికి వచ్చేసరికి తిట్టయిపోయింది. ఇవాళ దుకాణంలో అందరూ తేలిక తేలిక అంటుంటే, ఆ మాట సామానునంటున్నారో తననంటున్నారో ఒక్కోసారి తెలియడం లేదు.

ఒళ్ళో ఎడమ చెయ్యి ఎప్పటిలాగే పడి ఉంది, వేళ్ళు లోపలికి ముడుచుకుని. భుజం మాట వింటుంది, మోచెయ్యి సగం వింటుంది, మణికట్టు నుంచి అవతల ఎవరిదో చెయ్యి. దానికి ఆమె పేరేమీ పెట్టలేదు, ఊరికే 'అది' అంటుంది. అది చల్లగా ఉంటుంది, చలికాలం నీళ్ళ బిందెలా బరువుగా ఉంటుంది, రాత్రి ఒత్తిగిలితే కింద పడి నలుగుతుంది. తెలుగు కూడా కక్ష కట్టినట్టే ఉంది, చేతనవడం, చేతకాకపోవడం, చెయ్యి తిరగడం, చేతులెత్తేయడం, ఏ పేజీ తిప్పినా చేతులే. ఆఫీసులో ఒకప్పుడు, శ్రీలేఖకిస్తే ఎడమ చేత్తో దిద్దేస్తుంది అనేవాళ్ళు. ఇప్పుడు అనరు, ఎవరైనా నోరు జారి అన్నా నాలిక కరుచుకుంటారు, ఆ కరుచుకోవడాన్ని చూడాల్సింది మళ్ళీ తనే. దయాకర్‌ను ఆ చేతిని ముట్టుకోనివ్వలేదు ఇన్నాళ్ళూ. నూనె రాస్తానంటే ఇంటికొచ్చే నర్సు రాసిందంటుంది, పట్టుకోబోతే చున్నీ కిందికి జరుపుకుంటుంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. పెళ్ళిలో పట్టుకున్నది ఇది కాదు గాని, సినిమా హాల్లో చీకట్లో పట్టుకునేది ఇదే, ఆమె ఎప్పుడూ అతనికి కుడివైపే కూర్చునేది. ఆ చెయ్యి ఇప్పుడు లేదు, దాని బదులు ఇదేదో ఇచ్చారు. ఇది అతని చేతిలో పెట్టడానికి సిగ్గేసింది, అంతే. అందుకే అతను ఇప్పుడు ఎక్కడికెళ్ళినా కుడివైపుకు వచ్చి మోచెయ్యి పట్టుకుంటాడు, ఉన్న ఒక్క చెయ్యీ అలా అతనికి అప్పగించేసి నడుస్తుంది.

అయితే ఎవర్ని అడగడం తేలిక? మందంది కొంటే మొగుణ్ణి అడగాలి, రోజుకు రెండుసార్లు, అది కూడా అడగనక్కర్లేదు, అతనే సిద్ధంగా ఉంటాడు. పల్చటిది కొంటే ఒక్కతే వెళ్ళొచ్చు, మెట్రో ఎక్కొచ్చు, ఏ స్టేషన్‌లో దిగాలనిపిస్తే అక్కడ దిగొచ్చు, ఏమీ తోచకపోతే ఊరికే కిటికీలోంచి పరేడ్ గ్రౌండ్ చూస్తూ వెళ్ళొచ్చు. కాని అక్కడికెళ్ళాక మూత తెరవమని ఎవర్నో అడగాలి. పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, మీటింగుకు వెళ్తే ఒకసారి, పిల్లలకు కథ చదివి వినిపించడానికి బడికి వెళ్తే వాళ్ళ ముందు ఒకసారి. ఆ ఏర్పాటు కూడా దయాకర్ ముందుజాగ్రత్తగా చేసేశాడు. మొన్న వంటింట్లోంచి వింది, ఆమెతో పనిచేసే నవత అనే అమ్మాయితో ఫోన్‌లో, ఏది కొన్నా గాని జెర నువ్వు సూస్కో తల్లీ, మీ మేడం తానైతే నోరు తెరిచి అడగది, అంటున్నాడు. నవత మంచి పిల్ల, ఆమే పని నేర్పింది ఆ పిల్లకు. వాక్యం ఎక్కడ విరగాలో, పిల్లల కథలో పెద్దమాట ఎక్కడ అడ్డొస్తుందో పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. సోమవారం నుంచి ఆ పిల్ల ఓరకంట కనిపెట్టి ఉంటుంది, మేడం ఎప్పుడు మూత వేస్తారా, ఎప్పుడు వెళ్ళి తియ్యాలా అని. పోనీ అసలు మూత వెయ్యకుండా రోజంతా తెరిచే ఉంచితే? ఇంటికి తెచ్చేటప్పుడు? పోనీ మానేస్తే? ఇంట్లో కూర్చుంటే? అక్కడిదాకా వచ్చి ఆలోచన ఆగింది, ఆ చివరిదాని మొహం చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

హరికిషన్ అవతలి బల్ల దగ్గర ఎవరో దంపతులకు ప్రింటరు చూపిస్తున్నాడు. దాని చప్పుడు, కింది నుంచి హారన్లు, ఎక్కడో వేయిస్తున్న ఉల్లిపాయల వాసన, ఎవరూ ఆమెవైపు చూడటం లేదు. ముట్టకు అన్నాడు కదా, ముడతాను, అనుకుంది, చిన్నపిల్లలా. పల్చటిదాన్ని దగ్గరికి లాక్కుంది. గాజు మీద సులువుగా జారి వచ్చింది. మూత అంచు కింద కుడి బొటనవేలు పెట్టి ఎత్తింది, అనుకున్నట్టే ముందువైపు మొత్తం గాల్లోకి లేచింది, ఇంకొంచెం ఎత్తితే వెనక్కి జారిపోయి బల్ల అవతల పడేలా ఉంది. వదిలేస్తే టప్పుమని పడింది. ప్రింటరు దగ్గరి ఆవిడ తల తిప్పి చూసి, ఆ ముడుచుకున్న వేళ్ళను చూసి, జాలిగా నవ్వి మళ్ళీ తిరిగిపోయింది. చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు లేకపోతే అక్కడితో ఆపేసేదేమో. మళ్ళీ ఎత్తింది, ఈసారి మెల్లగా, అప్పుడు గమనించింది, ముందువైపు లేస్తున్నా మూతకూ ఒంటికీ మధ్య వేలెడు సందు పడుతోంది. సందైతే ఉంది. అందులో ఏదైనా బరువు పడితే చాలు, కింది పలక కిందే ఉంటుంది. ఏ బరువు? చుట్టూ చూసింది, నీళ్ళ సీసా, తన పర్సు, పెన్నుల డబ్బా. రోజూ పర్సు పెట్టుకుంటూ కూర్చోవాలా అనుకుంటూనే ఉంది, ఇంతలో తన ఒళ్ళో ఉన్నది గుర్తొచ్చింది. ఇంట్లో పొద్దస్తమానం ఈడ్చుకు తిరిగే బరువు, పైసాకు పనికిరాని బరువు.

భుజం నుంచి లేపింది. చెయ్యి గాల్లో వంకరగా ఊగి బల్ల అంచుకు తగిలి మళ్ళీ ఒళ్ళో పడింది. కుడి బొటనవేలు మూతను అలాగే పట్టుకుని ఉంది. మళ్ళీ లేపింది, ఈసారి బల్ల మీద పడింది, గాజు మీద ఈడ్చింది, మోచెయ్యి వినను పొమ్మంది, నడుము వంచి ఒంటితో తోసింది, ముడుచుకున్న వేళ్ళు ఆ సందులోకి దూరాయి, వెనకే మణికట్టు వెళ్ళి కింది పలక మీద దభీమని పడింది. ముందువైపు నేలకు దిగినట్టు బల్ల మీద కుదురుకుంది. మూత ఎత్తింది. మూత ఒక్కటే లేచింది. పూర్తిగా, నిటారుగా, తెర వెలుగు మొహం మీద పడేదాకా. హరికిషన్ తెరిచి ఉంచిన ఖాళీ పేజీ, దాని మీద ఎడమ వేళ్ళు పడ్డచోట ఏదో ఒకే అక్షరం వరసగా, ఆపకుండా, బారులు బారులుగా పడుతూ పోతోంది. ఎడిటరు కదా, చెరిపెయ్యాలని చెయ్యి వెళ్ళింది. చెరపలేదు. పేజీ నిండేదాకా చూస్తూ కూర్చుంది, ముక్కు కారుతుంటే చున్నీతో తుడుచుకుంది. తర్వాత మూత వేసి మళ్ళీ తెరిచింది. ఒకసారి చెయ్యి జారింది, ఒకసారి తొందరపడి సందు చాలక వేళ్ళు నలిగాయి, నొప్పి ఎక్కడో దూరాన ఉన్నట్టు తెలిసింది. అయినా వచ్చింది. వస్తోంది.

దయాకర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. ప్యారడైజ్ అవతల ఎక్కడో సందులో పెట్టానని, అక్కడా ఎవడో పరేషాన్ చేశాడని చెప్తూనే నీళ్ళ సీసా ఆమె ముందుకు జరిపాడు, తాగలేదేంది అన్నాడు. మందంది ప్యాక్ చెయ్యమని హరికిషన్‌కు సైగ చేశాడు. శ్రీలేఖ వద్దంది, ఇది, అని పల్చటిదాని మీద చెయ్యి వేసింది. అతను ఓపిగ్గా మొదలుపెట్టాడు, వైర్ల సంగతి, వేడి సంగతి, చెప్తూ చెప్తూ అలవాటుగా రెండు చేతులతో దాని మూత తెరిచి ఆమెవైపు తిప్పాడు.

"మూత వెయ్యండి," అంది.

వేశాడు. ఆమె మొదలుపెట్టింది. చెయ్యి మొదటిసారి బల్ల అంచుకు తగలగానే అతని చేతులు రెండూ ముందుకొచ్చాయి, ఆమె తల అడ్డంగా ఊపింది, అవి అక్కడే ఆగిపోయాయి. రెండోసారికి పడింది. మూత లేచింది. దయాకర్ తెరవైపు చూడలేదు, మీటల మీద పడి ఉన్న ఆ చేతివైపు చూశాడు, ఇన్నాళ్ళూ చున్నీ కింద ఉన్నదానివైపు.

"సోమవారం నేనొక్కదాన్నే వెళ్తాను. మెట్రోలో. మీరు మీ ఆఫీసుకు మామూలు టైముకే వెళ్ళండి."

అతను ముందుకొచ్చిన చేతులను ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు.

"మరి నేనేం జెయ్యాలె?" అన్నాడు, గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, అది నిజంగానే అడుగుతున్న మాటని ఆమెకు అర్థమైంది. తన బరువు తూచుకోవడంలో పడి ఈ మనిషి దగ్గర ఏం మిగులుతుందో ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు.

హరికిషన్ సంచి తెచ్చి ఇచ్చాడు. శ్రీలేఖ కుడిచేత్తో అందుకుంది, ఎవరికీ ఇవ్వలేదు. మెట్ల దగ్గర జనం తోసుకుంటున్నారు. దయాకర్ ఎప్పటిలా కుడివైపుకు వచ్చి మోచేతికోసం చెయ్యి చాచి, అక్కడ సంచి ఉండేసరికి ఆగిపోయాడు.

"ఇటు రండి," అంది. అతను వెనకనుంచి తిరిగి ఎడమవైపుకు వచ్చాడు. ఆమె భుజం నుంచి చెయ్యి లేపింది, చున్నీ జారిపోయింది, సర్దుకోలేదు. "ఇది పట్టుకోండి. నాకు మెట్లు భయం."

అతను ఒక అరచేత్తో అందుకున్నాడు, చాలక రెండోదీ కింద పెట్టాడు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు, వెనకవాళ్ళు పక్కనుంచి దిగిపోతున్నారు.

"గింత బరువుంటదా ఇది," అన్నాడు మెల్లగా. "ఇన్ని దినాలు నువ్వొక్కదానివే మోస్తున్నవా."